తప్పు దగ్గర తట్టే వేలు

“మాట్లాడుతూ ఉండండి. బాగా అలవాటైన గొంతు ఒక్కోసారి లోపలిదాకా వెళ్తుంది” అని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. ఏం మాట్లాడాలో మాత్రం చెప్పలేదు. ఓ గంటలో మళ్ళీ వస్తుందట. వచ్చేసరికి మనిషిలో ఏదో ఒక కదలిక, పిలిస్తే పలికినట్టుగా, ఎంత చిన్నదైనా సరే కనిపిస్తే ఊపిరి మిషను ఉంచుతారట. లేకపోతే దాన్ని తీసేసే సంగతి ఇంట్లోవాళ్ళు ఆలోచించుకోవాలట. ఆ మాట ఆవిడ ఎంత మెత్తగా చెప్పిందంటే, ఆయన ముందు తలూపేసి ఆ తర్వాత అర్థం చేసుకున్నాడు. తలూపడం ఎలాగూ అయిపోయింది, ఇక అనడానికేముంది. ఇప్పుడు మంచం పక్కన ఇనప స్టూలు మీద కూర్చుని, నోట్లో గొట్టంతో, సగం మూసిన కళ్ళతో పడుకున్న భార్యని చూస్తూ, మాట్లాడాలి మాట్లాడాలి అని లోపల అనుకుంటున్నాడే గానీ నోరు పెగలడం లేదు. ఎంత చోద్యం! జీవితమంతా గొంతు మీదే బతికిన మనిషి. ప్రెస్సులో ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు, అందరికీ కంచుగారే. మిషన్ల రొద మధ్య కూడా అక్షరం అక్షరం విడివిడిగా వినబడే గొంతని ఆ పేరు పెట్టారు. ఈవిడ డేగమ్మ. అచ్చుతప్పు ఏ మూల నక్కినా ఈవిడ కన్ను దాటిపోలేదు కాబట్టి డేగమ్మ. ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని, ఆయన రాతప్రతి పైకి చదువుతుంటే ఆవిడ ప్రూఫు దిద్దుతుంటే, జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, కాలం ఎటు పోయిందో తెలియకుండా పోయింది.

పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఆయన చదవాలి. మాటతోపాటు చుక్క, కొటేషను, ప్రశ్నార్థకం, అన్నీ నోటితో పలకాలి. ఆవిడ కుడిచేతిలో పెన్సిలు, ఎడమచెయ్యి బల్ల మీద. ఆయన నోటివెంట వచ్చినదానికీ ఆవిడ కంటి ముందు ఉన్నదానికీ ఎక్కడైనా తేడా వస్తే, ఆ ఎడమచేతి చూపుడువేలు బల్ల మీద టక్కుమని ఒకసారి తట్టేది. తట్టిందంటే తప్పు. ఆయన ఆగి ఆ వాక్యం మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకోవాలి. తట్టలేదంటే ఒప్పు, ముందుకి పోవాలి. ఇంకో మాట ఉండేది కాదు, వాదన ఉండేది కాదు. డాక్టరమ్మ ఇందాక ఈ దేహాన్ని అటూ ఇటూ నొక్కి చూసి, కుడివైపు పూర్తిగా పోయిందండీ, ఏమైనా మిగిలి ఉంటే ఎడమవైపే ఉండాలి అన్నప్పటినుంచీ ఆయన చూపు ఆ వేలు మీదే ఉంది. తెల్ల దుప్పటి మీద, మంచం ఇనప పట్టీకి ఆనుకుని ఉంది చెయ్యి. మిగతా వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. చూపుడువేలొక్కటే కాస్త ఎడంగా, ఇప్పుడో ఇంకాసేపటికో పని తగులుతుందన్నట్టు ఉంది. అది కదిలితే చాలు. ఆయనకి ఇంకేం అక్కర్లేదు, కళ్ళు తెరవకపోయినా ఫరవాలేదు, లేచి కూర్చోకపోయినా ఫరవాలేదు, అదొక్కటి టక్కుమంటే చాలు.

మరి ఏం చదవాలి? మాట్లాడడమంటే ఆయనకి తెలిసింది చదవడమే. నోటికి వచ్చినవి లేకపోలేదు, కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ప్రెస్సు యజమానికి కవిత్వం పిచ్చి, అందులోనూ ప్రేమ కవిత్వం పిచ్చి. ఆనాటి కవుల దగ్గర్నుంచి ఈనాటివాళ్ళదాకా ప్రేమ మీద ఎవరేం రాసినా పోగేసి, సంపుటాలకి సంపుటాలు వేస్తూ పోయాడు. ఒక్కోటి మూడుసార్లు ప్రూఫు చూడాలి కాబట్టి, ఈ భాషలో పుట్టిన ప్రేమంతా కంచుగారి గొంతులోంచి ముమ్మారు పారింది. ఎలా పారిందనేది వేరే సంగతి. పని నేర్పిన పాత మేస్త్రీ మొదటి రోజే చెవి మెలేసి చెప్పాడు. ఒరేయ్, భావం పెట్టి చదివావో చచ్చావే, వినేవాళ్ళ మనసు భావం వెంట పోతుంది, కన్ను అక్షరం మీద నిలవదు, తప్పులన్నీ సందు చూసుకుని దాక్కుంటాయి, బస్సుల వేళలు చదివినట్టు చదవాలి అని. అందుకని ఆయన అలాగే చదివాడు. ప్రియతమా ఆశ్చర్యార్థకం, ఎన్నాళ్ళీ ఎదురుచూపు ప్రశ్నార్థకం. ఇలాగ. గొంతు వణక్కూడదు, ఆగకూడదు, తడవకూడదు. వణికిందా పేజీ పాడైనట్టే.

సరే, మొదట్నుంచే మొదలుపెడదాం అనుకుని ఆయన గొంతు సవరించుకుని, రాజుల కాలంనాటి పద్యం ఒకటి అందుకున్నాడు. పక్క మంచం దగ్గర సెలైను మారుస్తున్న నర్సు ఉలిక్కిపడి చూసి, ఏదో ప్రార్థన కాబోలనుకుని మళ్ళీ తన పనిలో పడింది. ఆ కాలపు కవులకి తీరిక ఎక్కువ. ఎక్కడో ఎవరో ఒక అమ్మాయి అందంగా ఉందని చెవిన పడితే చాలు, చూడకుండానే రాజుగారికి నిద్ర పట్టదు, అన్నం సయించదు. ఆ పిల్లకీ అంతే. ఇక కవి వచ్చి ఆమె జుట్టు దగ్గర మొదలుపెట్టి కాలి గోళ్ళదాకా ఒక్క అవయవమూ వదలకుండా పద్యానికొకటి చొప్పున కొలిచి పెడతాడు. ఆ తర్వాత వెన్నెలని తిట్టడం, గాలిని తిట్టడం, చిలకని తిట్టడం. చుట్టూ చెలికత్తెలు ఆకుల విసనకర్రలు పట్టుకుని హడావిడి. అవి దిద్దేటప్పుడు డేగమ్మ ఫారానికీ ఫారానికీ మధ్య, అంటే పదహారేసి పేజీలకోసారి, టీ తాగుతూ, “అవునండీ, ఈ పిల్లకి ఇంట్లో పనీపాటా లేదా? పొద్దస్తమానం విరహమేనా? ఆ చెలికత్తెల్లో ఒక్కదానికైనా ఇలాంటి జబ్బు వచ్చినట్టు ఎక్కడా రాయరేం?” అనేది. ఆయన నవ్వి, తీసుకో, తర్వాతి పేజీ అనేవాడు. జవాబు చెప్పొచ్చని అప్పుడు తోచలేదు. పద్యం పూర్తయింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. వేలు కదల్లేదు. కదలదు మరి, తప్పు లేదుగా, అనుకుని ఆయన తనకి తనే ధైర్యం చెప్పుకుని, వెంటనే ఆ ధైర్యానికి తనే సిగ్గుపడ్డాడు.

మిషను ఊపిరి తీసి, ఊపిరి వదిలింది. దాని లయ ఎక్కడో విన్నట్టుంది ఆయనకి. పాత ప్రెస్సులో తొక్కుడు మిషను ఇలాగే కాగితం మింగి, కాగితం కక్కేది. ఆ చప్పుడులోనే కదా, ఆ బల్ల దగ్గరికి ఈవిడ మొదటిసారి వచ్చి కూర్చుంది. అంతకుముందు దిద్దే పెద్దాయన కంటిలో పువ్వేసి పని మానేశాడు. సన్నగా, పొడుగ్గా, మాట పడనివ్వని మొహంతో ఒక అమ్మాయి వచ్చింది. అప్పుడు పదకర్తల సంపుటం నడుస్తోంది. ఆ కవుల దారి వేరు. వాళ్ళ పాటల్లో ఆడది ఏడవదు, నిలదీస్తుంది. రాత్రంతా ఎక్కడ తగలడ్డావు, ఆ గోటి గాటెవరిది, ఇప్పుడెందుకొచ్చావు, ఫో, అంటుంది. అంటూనే తలుపు తీస్తుంది. పరాయి పడుచు ఎదురుగా కూర్చుని ఉండగా ఆయన ఆ మాటలన్నీ, గోటి గాట్లతో సహా, బస్సుల వేళల్లాగే చదువుకుంటూ పోయాడు. ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి గానీ వేలు మాత్రం పడాల్సిన ప్రతిచోటా పడింది. సాయంత్రానికి ఒక్క తప్పు మిగల్లేదు. భలే మనిషి దొరికిందిరా అనుకున్నాడు ఆయన. అదే ఆయన చూసుకున్న పెళ్ళిచూపులు. యజమాని కూడా, ఎలాగూ రోజంతా ఎదురుబదురుగానే కూర్చుంటున్నారు, ఆ రెండు పీటలూ వేయించేస్తే పోలా అన్నాడు. వేయించేశాడు. మూడో రోజుకి మళ్ళీ బల్ల దగ్గర ఉన్నారు ఇద్దరూ. రాత్రి ఎక్కడ తగలడ్డావని ఈవిడ ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎక్కడా తగలడలేదు, ఇంటికే వచ్చేవాడు. వచ్చి ఏం చేసేవాడు? తినేవాడు, పడుకునేవాడు. అయ్యో, అంతేనా అని ఆయనకి ఇప్పుడు, ఈ స్టూలు మీద, అనిపించింది.

తలుచుకుంటూనే పైకి అప్పజెప్పిన ఆ పదకర్త పదం కూడా అయిపోయింది. వేలు కదల్లేదు. ఈసారి కొంచెం దగ్గరగా వంగి, భావకవుల్ని అందుకున్నాడు. వీళ్ళు మంచివాళ్ళు. మర్యాదస్తులు. ప్రేయసిని ముట్టుకోరు. ఆమె నక్షత్రాల మధ్య ఎక్కడో ఉంటుంది, వీళ్ళు నేల మీద నిలబడి కన్నీళ్ళు కారుస్తారు, ఆ కన్నీళ్ళ రుచి వీళ్ళకి మహా ఇష్టం. ఆమె చచ్చిపోతే ఇంకా ఇష్టం. డేగమ్మకి వీళ్ళంటే ఒళ్ళుమంట. “ఎప్పుడూ మబ్బుల్లోనే ఉంచుతాడేంటండీ ఆవిణ్ణి? కిందికి దిగితే గిన్నెలు తోమాల్సొస్తుందని ఆవిడకి భయమా, తోమాల్సిన చేతులు చూడాల్సొస్తుందని ఈయనకి భయమా?” అనేది. ఆ మాటకి ప్రెస్సంతా పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ పుస్తకం అచ్చవుతున్న రోజుల్లోనే కదా అది జరిగింది. ఆయన ఆ సంగతి తలుచుకోదలుచుకోలేదు. వద్దనుకుంటే ఆగేదా మనసు, అదీ ఇలాంటి మంచాన్ని పక్కన పెట్టుకుని. అప్పుడూ ఇలాగే ఇనప మంచం, ఇలాగే తెల్ల దుప్పటి, కాకపోతే పురుళ్ళ వార్డు. బిడ్డ పుట్టి ఏడవలేదు. ఎంతసేపటికీ ఏడవలేదు. ఎవరో గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున ఫారం మిషనెక్కాలి, ఆఖరి ప్రూఫు దిద్దకుండా ఉండిపోయింది, యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఆ కాగితాలు చంకన పెట్టుకుని వార్డుకి వెళ్ళాడు. చూడగలవా అన్నాడు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసింది, ఏదో వెతుకుతున్నట్టు చూసింది, తర్వాత ఇటివ్వండి అంది. దిండుకి ఆనుకుని కూర్చుంది. ఆయన చదివాడు. చచ్చిపోయిన ప్రేయసి మీద కవి రాసిన స్మృతిగీతాలు, అన్నీ, చుక్కలతో సహా. ఆవిడ వేలు మంచం పట్టీ మీద టంగుమంటూ తట్టింది. బల్ల మీద టక్కుమనేది అక్కడ ఇనుము కాబట్టి టంగుమంది. చుట్టుపక్కల మంచాల వాళ్ళు పసిబిడ్డల్ని పొత్తిళ్ళలో పట్టుకుని వింతగా చూశారు. ఒక్క తప్పు కూడా పోలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన ఈ ముచ్చట పదిమందిలో చెప్పుకున్నాడు. మా ఆవిడంటే ఏమనుకున్నారు, అంత కష్టంలోనూ పని తప్పలేదు, అది మనిషి కాదండీ డేగ అని. గొప్పగా చెప్పుకున్నాడు. చెప్పినప్పుడల్లా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయేది, పొగిడితే సిగ్గనుకున్నాడు. ఛీ. ఇంత వయసొచ్చి, ఇన్ని వేల ప్రేమ కవితలు చదివి, ఒక్క మొహం చదవలేకపోయాడు. ఆవిడ ఆ రోజు ఆయన మొహంలో వెతికింది ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అది అక్కడ లేదు.

ఆయన స్టూలు మీద అటూ ఇటూ కదిలాడు. నడుం పట్టేసింది. ఎంతసేపయిందో, డాక్టరమ్మ ఎంతలో వస్తుందో. చదువు, చదువు. విప్లవ కవుల్ని ఎత్తుకున్నాడు, కాస్త గట్టిగా. వాళ్ళు గట్టిగా చదవాల్సిన కవులు. వాళ్ళ ప్రేయసి చేతిలో జెండా పట్టుకుని పక్కన నడవాలి. లోకం మారిన రోజున నీ దగ్గరికి వస్తాను, అందాకా ఎదురుచూడు అంటారు. డేగమ్మ పెన్సిలు చెక్కుకుంటూ, “లోకం మారేదెప్పుడు, ఈయన వచ్చేదెప్పుడు? ఈలోపు ఆవిడ జబ్బుపడితే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారట?” అంది. నేను తీసుకొచ్చాను కదే అనబోయాడు ఆయన ఇప్పుడు, ఆ పాత ప్రశ్నకి. తీసుకొచ్చింది ఆయన కాదు. వంటింట్లో పడిపోయిన చప్పుడు ఆయనకి వినబడింది. గిన్నె పడిందనుకున్నాడు. ముందు గదిలో ఏదో పాత పుస్తకం తిరగేస్తూ, ఏమోయ్, ఏమిటా చప్పుడు అని కేకేసి, జవాబు రాకపోతే ఆ పేజీ పూర్తిచేసి లేచాడు. ఆ తర్వాత పరిగెత్తుకొచ్చి మోసుకొచ్చిందంతా బావమరిదే. పేజీ పూర్తిచేసి లేచాడన్న సంగతి ఎవరికీ తెలియదు. ఈవిడకి తెలుసునేమో. కింద పడి, నోరు పడిపోయి, ముందు గదిలోంచి కాగితం తిప్పిన చప్పుడు విన్నదేమో.

ఇక మిగిలింది ఒక్కటే సంపుటం. ఈ కాలపు ఆడవాళ్ళు రాసినది. దాని జోలికి పోవాలంటే ఆయనకి భయం. ఇదేం కవిత్వం, తిట్లు అని యజమాని పెదవి విరిచాడు గానీ వేశాడు. అందులో విరహాలు లేవు, వెన్నెల లేదు. ఒక అమ్మాయి రాసింది, నా మొగుడు పక్కకి తిరిగి నా మీద చెయ్యి వేస్తాడు, దీపం స్విచ్చి ఎక్కడుందో చీకట్లో తడుముకున్నట్టు, వెలిగాక ఇక ఆ వైపు చూడడు అని. ఆయన దాన్ని కూడా అదే గొంతుతో చదివి, చుక్క అన్నాడు. ఆ కవిత చివర్లో ప్రూఫులో ఒక మాట మొత్తం ఎగిరిపోయింది. ఆయన చదివాడు, ప్రూఫులో లేదు, వేలు తట్టలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక ఆ పేజీ తిరగేస్తుంటే కనబడింది. ఇన్నేళ్ళలో డేగమ్మ చేతిలోంచి జారిన ఒకే ఒక్క తప్పు. ఆయనకి పండగలా ఉంది. “దొరికావు! నీకూ తప్పు పోయిందే!” అని పుస్తకం చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. ఆవిడ ఆ పేజీ చూసింది. “పోనీండి. ఒకటి ఉండనీండి” అంది. అంతే అంది. వయసు మీద పడింది, కన్ను మందగించింది అనుకుని ఆయన మర్నాడే కళ్ళద్దాలు మార్పించాడు. కన్ను మందగించలేదు. ఆ కాస్సేపు ఆవిడ విన్నది, అంతే. జీవితంలో ఒకే ఒక్కసారి అక్షరం వదిలేసి మాట విన్నది. ఆ మాట మొగుడి నోటి వెంటే వస్తుంటే, ఆ మొగుడికి మాత్రం వినబడకపోతుంటే, పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చుని విన్నది. పైకి ఒక్క కన్నీటి బొట్టు కూడా రానివ్వలేదు, ప్రూఫు తడుస్తుందని కాబోలు.

ఆ కవిత ఇప్పుడు చదివాడు. కావాలనే ఆ ఎగిరిపోయిన మాట వదిలేసి చదివాడు. ఎంతైనా కంచుగారు, పనితనం ఎక్కడికి పోతుంది, తప్పు వినిపిస్తే వేలు ఊరుకోదని ఆయన ఎత్తు. కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడు. ఊరుకుంది. దుప్పటి మీద వేలు దుప్పటి మీదే ఉంది. రాజుల కవి పద్యంలో రెండు మాటలు తారుమారు చేసి చూశాడు, భావకవి గీతంలో ప్రేయసి బదులు పక్కింటావిడ అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకి ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వాలి. ఏమీ లేదు. కవుల తప్పొప్పులతో ఇక ఈవిడకి పని లేదు. మిషను ఊపిరి తీసింది, వదిలింది.

తలుపు ఓరగా తెరుచుకుని బావమరిది తొంగిచూశాడు. బయట బెంచీ మీద కూర్చుని కూర్చుని మొహం పీక్కుపోయింది అతనికి. “ఏమైనా...?” అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. బావమరిది లోపలికి వచ్చి అక్క కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. “ఇక చాలు బావా. అక్క ఎప్పుడూ ఎవరిచేతా చేయించుకునే మనిషి కాదు. తనని ఇలా ఉంచొద్దు. డాక్టరమ్మ రాగానే సరేనని చెప్పేద్దాం” అన్నాడు. బావమరిది కళ్ళు తుడుచుకుని మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. నర్సు కూడా ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది. ఇక ఆయనా, ఆవిడా, ఆ మిషనూ.

అన్ని కాలాల కవులూ అయిపోయారు. ఇంతమంది ఇన్ని రాశారు గదా, చూడకుండా ప్రేమించినవాడు రాశాడు, తలుపు తీసినామె పాడింది, చచ్చాక ఏడ్చినవాడు రాశాడు, తర్వాత వస్తానన్నవాడు రాశాడు, స్విచ్చిలా తడిమించుకున్నామె రాసింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని జీవితమంతా చూడనివాడు ఏం చెప్పాలో ఒక్కరూ రాయలేదు. రాతప్రతి లేదు. చేతిలో కాగితం లేకుండా ఆయన ఈవిడతో ఏనాడు మాట్లాడాడు గనక. ఏదో ఒకటి అనాలి, అనకపోతే గంట దాటిపోతుంది. ఆఖరికి, ఇన్ని వేలసార్లు పరాయివాళ్ళ తరఫున పలికిన మాటే అన్నాడు. ఇంకేది దొరకలేదు. అలవాటైన గొంతుతోనే, వణకకుండా, తడవకుండా అన్నాడు.

“నిన్ను ప్రేమించాను. చుక్క.”

వేలు తట్టింది. దుప్పటి అంచు దాటి మంచం పట్టీ మీద పడింది. టంగుమంది.

ఆయన స్టూలు మీంచి లేచిపోయాడు. మళ్ళీ కూర్చున్నాడు. భ్రమ పడ్డానా, మిషను చప్పుడా? కాదు, ఆ టంగు ఆయనకి తెలుసు, పురుళ్ళ వార్డులో విన్నదే. తట్టాక ఏం చెయ్యాలో కూడా తెలుసు, వాక్యం మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకోవాలి. వంగి, చెవి దగ్గరగా, “నువ్వంటే నాకు ప్రాణం. చుక్క” అన్నాడు. టంగుమంది. ఆయనకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, బతికే ఉంది, లోపల ఉంది, వింటోంది, కూర్చుని దిద్దుతోంది! “డాక్టరమ్మా!” అని ఆయన ఆ వార్డు అదిరిపోయేలా కేక పెట్టాడు. కంచుగారి గొంతు మరి. ఆ కేక పెట్టి, తలుపు వైపు అడుగేసి, అప్పుడు ఆగాడు. తట్టిందంటే ఏమిటి? తట్టిందంటే తప్పు. ఆ బల్ల దగ్గర దానికి రెండో అర్థం ఏనాడూ లేదు. రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ తప్పంది. చావు గుమ్మంలోంచి వెనక్కి వచ్చి మరీ చెప్పింది. ఆయన గోడ పట్టుకున్నాడు. ఆవిడ చెప్పింది నిజమే. బస్సుల వేళలు చదివినట్టు చదివాడు ఆ రెండు వాక్యాలూ.

డాక్టరమ్మ పరుగు లాంటి నడకతో వచ్చింది, వెనకాల నర్సు, బావమరిది. కదిలిందండీ, వేలు, నేను మాటంటే తట్టింది అని ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. డాక్టరమ్మ వంగి, డేగమ్మ కంటి రెప్పలు ఎత్తి టార్చి వేసి చూసింది, గోరు నొక్కి చూసింది. “ఊరికే కండరం అదిరినా అలా అనిపిస్తుందండీ. మీ మాటకే బదులిస్తోందని నేను కళ్ళారా చూడాలి. ఏమన్నారు మీరు? అదే మాట మళ్ళీ అనండి” అంది. బావమరిది మంచం ఇవతలికి వచ్చి అక్క చెయ్యి వైపు వంగి, ఊపిరి బిగబట్టి, “అను బావా, అను” అన్నాడు.

ఎంత పని వచ్చిపడింది! ఇప్పుడు ఆ మాట అనాలి. అంటే ఆవిడ తప్పని తట్టాలి. తడితే బతుకుతుంది. తప్పని అను తల్లీ, తప్పని అను, నీ కాళ్ళు పట్టుకుంటాను, లోకమంతా వినేలా అబద్ధమని తట్టు, అని లోపల మొక్కుకుంటూ, ఆయన ఆ చేతినీ, ఆ వేలినీ, దాని కొసన, తడి ప్రూఫులు తిప్పీ తిప్పీ అచ్చు సిరా ఇంకిపోయి ఎంత కడిగినా పోని ఆ నల్లటి గీతనీ చూశాడు. ఇన్నేళ్ళలో ఆ గీత చూడడం ఇదే మొదలు. ఆవిడ రోజూ బల్ల మీద ఆయన ముందే పెట్టిన చెయ్యి.

“నిన్ను...” అన్నాడు. గొంతు చిట్లింది. “నిన్ను ప్రేమించాను.”

వేలు కదల్లేదు.

డాక్టరమ్మ చేతి గడియారం వైపు కాదు, ఆయన వైపు చూసింది. “కంగారు పడకండి. ఇందాక ఎలా అన్నారో సరిగ్గా అలాగే అనండి. అదే గొంతుతో.”

అదే గొంతుతో. ఆయన తల ఊపాడు. అది ఎంతసేపు, కంచుగారికి చేతకాని పనా! నడుం నిటారు చేశాడు, బల్ల ముందు కూర్చున్నట్టు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. బస్సుల వేళలు తలుచుకున్నాడు. పాత మేస్త్రీని తలుచుకున్నాడు. భావం వద్దురా, భావం పెడితే చచ్చావే. నోరు తెరిచాడు. నిన్ను అన్నాడు, మాట తడిసిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు, మళ్ళీ తడిసింది. చుక్క అనడానికి కూడా గొంతు నిలవలేదు. ఇన్ని కాలాల ప్రేమనీ ఒక్క వణుకు లేకుండా చదివేసిన గొంతు, ఇప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని ఉత్తగా చదివి పెట్టమని ఎంత బతిమాలినా వినడం లేదు. వేలు దుప్పటి మీద అలాగే ఉంది. ఒప్పుకుందో, వెళ్ళిపోయిందో.

“ఇంకొక్కసారి” అంది డాక్టరమ్మ. ఆయన నోరు తెరిచి, ఏడుస్తూ, అబద్ధంగా చెప్పడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాడు.